శుక్రుడికి అడ్డొచ్చిన బావ

నా కబుర్లలో సగం కోసేసి వినాలని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఇది మాత్రం కోయకుండా చదవండి.

గ్రహాలను ఫొటోలు తీయడం నాకు పిచ్చి. పోయిన వేసవిలో ఓ సాయంత్రం, పలాస అవతల ఉద్దానంలోని మా జీడితోటలో టెలిస్కోపు నిలబెట్టి, దానికి ఫోను బిగించి, పక్కనే కూర్చుని పడమట దిగుతున్న శుక్రుణ్ణి వీడియో తీస్తున్నాను. రాలిన జీడిపళ్ల వాసన గుప్పుమంటోంది. తోడొచ్చిన మా బావ మంచినీళ్ల కోసం బండి దగ్గరికి వెళ్లాడు.

ఉన్నట్టుండి తెరమీద శుక్రుడు ఆరిపోయాడు. మబ్బేమోనని తలెత్తాను. మబ్బు లేదు. ఎదురుగా మసక చీకట్లో మనిషంత ఎత్తున నల్లటి ఆకారం.

"బావా, అడ్డంగా నిల్చున్నావేటి? పక్కకి జరుగు!" అని కసిరాను.

ఆకారం బుద్ధిగా పక్కకు జరిగింది. శుక్రుడు మళ్లీ వెలిగాడు.

"ఎవుడితో మాటాడతన్నావు బావా? నానిక్కడున్నాను," అంది వెనక నుంచి బావ గొంతు.

అప్పుడు వినిపించింది, ముందు నుంచి బుసబుసమంటూ ఊపిరి. ఎలుగుబంటి!

"పరిగెట్టకు. మెల్లగా ఎనక్కి రా," అన్నాడు బావ గుసగుసగా. ఒక్కో అడుగే వెనక్కి వేసి, అన్నీ అక్కడే వదిలేసి బండెక్కాం.

తెల్లారాక పదిమందితో వెళ్లి ఫోను తెచ్చుకున్నాం. "ఎలుగుబంటి నీకు నాలా కనపడిందేటి?" అని బావ దారంతా సాధించాడు. వీడియో చూశాక మాత్రం ఫోను లాక్కుని మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. అందులో మా బండి చప్పుడు దూరమైన కాసేపటికి శుక్రుడు మళ్లీ ఆరిపోయి, వెలిగాడు. ఆ వెంటనే ఆ ఊపిరి ఫోను పక్కనే, నేను కూర్చున్న చోటే వినిపించింది.

ఇప్పుడు మా మేడ మీదే ఫొటోలు తీస్తున్నాను. అయినా తెర నల్లబడితే చాలు, బావ ఎక్కడున్నాడో చూసుకున్నాకే నోరు విప్పుతాను.