పండిన గెల అంటే

మా కంపెనీ రైతుల దగ్గర పామాయిల్ గెలలు కొని నూనె తీస్తుంది. మిల్లు అశ్వారావుపేట దగ్గర ఉంది. అందులో కంప్యూటర్ సెక్షన్ నాది. సెక్షన్ అంటే నేను, ఒక ప్రింటరు, ఒక ఏసీ. ఏసీ కూడా నా కోసం కాదు, సర్వరు వేడెక్కకుండా పెట్టింది.

ఒకరోజు హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మెటాడేటా మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొన్నామని, కంపెనీ అంతటికీ ముందు మీ మిల్లులోనే మొదలుపెడుతున్నామని, ఆ పని నువ్వే చూడాలని చెప్పారు. సరే సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక మెటాడేటా అంటే ఏమిటో వెతుక్కున్నాను. సమాచారం గురించిన సమాచారం అని ఉంది. మూడుసార్లు చదివినా నా తెలివి ఒక్క అంగుళం ముందుకు కదల్లేదు.

ట్రైనింగ్ వీడియో కాల్‌లో. నా గదిలో సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని కాటా గది మెట్ల మీద కూర్చునేదాన్ని. పక్కనే గెలల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉండేవి. నేర్పించే మేడం ఓపికైన మనిషి. మీ కాటా కంప్యూటర్‌లో ఒక గడిలో నలభై రెండు అని ఉందనుకో, అది క్వింటాళ్లా, గెలలా, శాతమా, ఎవరు ఎక్కించారు, అక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, తేడా వస్తే ఎవరిని అడగాలి అని ఆమె వరసగా అడిగింది. ఆ ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే అదే మెటాడేటా అంది. అప్పుడు అర్థమైంది. రోజూ ఆఫీసులో అందరూ ఒకరినొకరు అడిగేవి ఆ ప్రశ్నలే.

సాఫ్ట్‌వేర్‌కు ముందు మన సిస్టమ్‌లన్నీ చూపించాలి. తోటల యాప్, కాటా, ల్యాబు, స్టోరు, అన్నీ కలిపాను. టీ తాగి వచ్చేసరికి అది వాటిలోని గడుల పేర్లన్నీ ఏరి తెచ్చి నా ముందు కుప్ప పోసింది. ఒక్క బరువుకే వెయిట్ ఒకటి, వెయిట్ రెండు, వెయిట్ కొత్తది, వెయిట్ అసలుది అని ఉన్నాయి. కిందికి జరుపుతూ పోతే అంతు లేదు. గాభరాగా మేడంకు ఫోన్ చేశాను. ఆమె నవ్వింది. అన్నిటి జోలికి పోవద్దని, మీ ఆఫీసులో ఎక్కువ గొడవ ఏ మాట మీద జరుగుతుందో ఆ ఒక్క మాటతో మొదలుపెట్టమని చెప్పింది.

ఆ మాట కోసం నేను ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. పండిన గెల.

మా ఫీల్డ్ సూపర్‌వైజరుది తిరుమలాయపాలెం. తోటల్లో గెలలు ఎప్పుడు కోయాలో రైతులకు చెప్పేది ఆయనే. ల్యాబ్ ఇన్‌చార్జి సత్తుపల్లి వైపు ఆమె. మిల్లుకు వచ్చిన లోడులో ఎన్ని పండినవి, ఎన్ని పచ్చివి అని తేల్చేది ఆమె. ఇద్దరూ భార్యాభర్తలు. పొద్దున ఒకే బండి మీద వస్తారు, గేటు దాటగానే ఆమె ఆయన్ని ఫీల్డ్ సార్ అంటుంది, ఆయన ల్యాబోళ్ళు అంటాడు. పచ్చి గెలలు కోయించారని ఆమె, పండిన వాటిని పచ్చివంటున్నారని ఆయన, ఏళ్ల తరబడి ఒకే మాట. నేను ఆయన్ని అన్నా అని, ఆమెను వదినా అని పిలుస్తాను.

సాఫ్ట్‌వేర్‌లో ఒక బొమ్మ వస్తుంది. ఏ అంకె ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతుందో గీతలు గీసి చూపిస్తుంది. పండిన శాతం మీద నొక్కాను. ఒక గీత తోటల యాప్ నుంచి, ఒక గీత ల్యాబు నుంచి బయలుదేరి హెడ్డాఫీసు రిపోర్టులో కలిశాయి. అక్కడ ఆ రెండిటినీ కూడి రెండుతో భాగిస్తున్నారు. అంటే పైవాళ్లు ప్రతి నెలా చూస్తున్నది తోటదీ కాదు, మిల్లుదీ కాదు. అన్నను, వదినను పిలిచి చూపించాను. మొదటిసారి ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ రిపోర్టు తప్పు అన్నారు.

ఆ ఐక్యత మధ్యాహ్నం దాకా ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రతి మాటకూ ఒక అర్థం, ఒక ఓనరు రాయమంటుంది. ఓనరంటే ఆ మాటకు జవాబుదారు. నేను అన్న చెప్పిన అర్థం రాసి, ఆయన్ని ఓనరుగా పెట్టి, ఆమోదం కోసం వదినకు పంపాను. ఆమె తిప్పి పంపింది. ఆమె చెప్పింది రాసి అన్నకు పంపాను. ఆయన తిప్పి పంపాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు ఇద్దరూ క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చుని ఒకే క్యారియర్‌లోంచి అన్నం తింటున్నారు. ఆయన ఎడమచేత్తో ఫోన్ నొక్కి నా పని తిరస్కరించి, ఆమె గిన్నెలోకి ఇంకో గరిటె పప్పు వేశాడు.

సాయంత్రం వదిన నా గదికి వచ్చింది.

"ఇది ఆఫీసులో తెగదమ్మా. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. తిని తోటకే వెళ్దాం."

ఆదివారం నాటుకోడి కూర, గారెలు పెట్టారు. ఆ గారెలు తిన్నాక నాకు ఏ అర్థమైనా సమ్మతమే అనిపించింది. తర్వాత వాళ్ల ఇంటి వెనకే ఉన్న వాళ్ల తోటలోకి వెళ్లాం. అన్న ఒక చెట్టు దగ్గర ఆగి నేల చూపించాడు. ఎర్రటి పళ్లు ఓ పది రాలి ఉన్నాయి.

"చెల్లె, గిట్ల పళ్లు కింద పడ్డయంటే గెల పండినట్టే. ఇంతకంటే ఏం కావాలె?"

వదిన తన లెక్క చెప్పింది. మిల్లు ర్యాంపు మీద దించిన గెలను కదిలిస్తే పళ్లు రాలాలి, రాలకపోతే పండనట్టే. ఇద్దరూ నా వైపు చూశారు. నాకు తోచింది ఒక్కటే. రెండు గెలలు కోసి తీసుకెళ్దామన్నాను, ఒకటి కింద పళ్లు రాలింది, ఒకటి రాలనిది. అన్న వెంటనే కొడవలి కర్ర తెచ్చాడు.

ముళ్లు గుచ్చుకోకుండా గోనెసంచి చుట్టి, పండిన గెలను అన్న బండి మీద ఆయనకూ వదినకూ మధ్యలో పెట్టుకున్నారు. పచ్చిది నా స్కూటీ ముందు భాగంలో పెట్టారు. దానికి గుర్తుగా నా చున్నీ కొస చించి కట్టింది వదిన. కొత్త చున్నీ. అడగలేదు కూడా.

మిల్లు దారి గుంతలమయం. బండి ఎగిరినప్పుడల్లా గోనెసంచి సందులోంచి పళ్లు రాలి రోడ్డు మీద దొర్లాయి. వెనక వస్తున్న నేను హారన్ కొట్టాను. ఆగలేదు, అన్న చెయ్యి ఊపాడు. నేనే ఆగి, దిగి, పళ్లు ఏరి డిక్కీలో వేసుకుని మళ్లీ బయలుదేరాను. ఇంకో గుంత వచ్చింది, ఇంకో గుప్పెడు పడ్డాయి. రోడ్డు పక్కన గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన కాసేపు చూసి, తనూ వంగి ఏరడం మొదలుపెట్టాడు. స్కూటీ మీద చున్నీ కట్టిన గెలను చూసి, ఏంది బిడ్డా పెళ్లా అని అడిగాడు. నాకు నవ్వు ఆగలేదు. డిక్కీ మూత వేయలేక రోడ్డు మీదే కూర్చున్నాను.

ర్యాంపు మీద దించాక వదిన పండిన గెలను కదిలించింది. ఒక్క పండూ రాలలేదు. రాలాల్సినవన్నీ తోటలోనూ, రోడ్డు మీదా, నా డిక్కీలోనూ ఉన్నాయి. ఇది రేపు నా దగ్గరికి వస్తే పచ్చిదనే రాస్తాను అని ఆమె నెమ్మదిగా అంది. మామూలుగా అయితే అన్న అక్కడ గెలిచినట్టు నవ్వాలి. నవ్వలేదు. చున్నీ కట్టిన పచ్చి గెల ఒక రోజు ఆగితే ఎలా ఉంటుందో చూద్దామని దాన్ని ర్యాంపు మీదే వదిలేసి వెళ్లాం.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం వెళ్లి చూశాం. ఎండకు ఒక రోజంతా పడి ఉన్న ఆ పచ్చి గెలను వదిన కదిలించగానే పళ్లు జలజలా రాలాయి. ఆమె లెక్కలో అది పండింది. అన్న లెక్కలో ముమ్మాటికీ పచ్చిది. ఇద్దరూ దాని పక్కన కూర్చుండిపోయారు.

"ఇన్నేండ్లు మనం ఒక్క గెల గురించే కొట్లాడుకుంటున్నమనుకున్న," అన్నాడు అన్న.

"రెండు వేరే సంగతులండీ. పేరే ఒకటి," అంది వదిన.

నేను అక్కడే లాప్‌టాప్ తెరిచాను. ఒక మాటను రెండు చేశాను. తోట పండు, కోసేముందు చెట్టు కింద పళ్లు రాలిన గెల, ఓనరు అన్న. ర్యాంపు పండు, మిల్లులో దించాక కదిలిస్తే పళ్లు రాలే గెల, ఓనరు వదిన. రెండిటి మధ్యా గెల కోసిన సమయం అని కొత్త గడి ఒకటి కలపాలన్నది వదిన ఆలోచన. దాన్ని తోటల్లో రాయించే పూచీ అన్న తీసుకున్నాడు. ఆమోదం కోసం పంపిన రెండూ నిమిషంలో పచ్చగా మారాయి. నా ఉద్యోగంలో అంత అందమైన పచ్చరంగు నేను చూడలేదు.

హెడ్డాఫీసు రిపోర్టులో కూడి భాగించడం ఆగిపోయింది. లోడు ఎంతసేపు దారిలో ఉందో తెలిసేసరికి ఏ ఊరి నుంచి బండ్లు జల్దీ పంపాలో అన్నకు అర్థమైంది. మిగతా సెక్షన్ల వాళ్లు తమ మాటలు పట్టుకుని నా గదికి రావడం మొదలుపెట్టారు. నర్సరీ వాళ్లు మొక్క ఏ వయసు దాకా మొక్క అని పంచాయతీ తెచ్చారు. స్టోరు వాళ్లు బస్తా అంటే ఎన్ని కిలోలదని తెచ్చారు. గదిలో ఇంకో రెండు కుర్చీలు వేయించుకున్నాను.

ఈ మధ్య దుమ్ముగూడెం వైపు ఉన్న మా గెలల సెంటర్‌కు వెళ్లాను. మా ఊరు అక్కడికి దగ్గరే. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మాట కింద ఇతర పేర్లు అని ఒక గడి ఉంటుంది, అప్పటిదాకా దాన్ని ఖాళీగా వదిలేశాను. సెంటర్‌లో గెలలు దించే ఆడవాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు. చిన్నప్పటి నుంచి చెవిన పడుతున్న భాషే, మాట్లాడడం మాత్రం రాదు. పండిన గెలను మీరేమంటారని అడిగాను. ముగ్గురు మూడు రకాలుగా చెప్పి, వాళ్లలో వాళ్లు వాదించుకుని, చివరికి ఒకటి ఖాయం చేశారు. తెలుగు అక్షరాల్లో టైపు చేసి చదివి వినిపించాను. పెద్దామె తల అడ్డంగా ఊపింది. దీర్ఘం తీసెయ్యమంది. తీసేసి మళ్లీ చదివాను. ఈసారి ముగ్గురూ ఒక్కసారే అవ్ అన్నారు.