ఒక్క వాల్వు, రెండు బావులు

నా చిన్నప్పుడు మా ఇంటి సేద్యమంతా మా అవ్వే చూసుకునేది. ఒక ఎండాకాలం మా బావి మీది ఆయిల్ ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. మేస్త్రీ విప్పి చూసి, లోపలి వాల్వు అంచు కాలిపోయిందని, కొత్తది వేస్తే తప్ప నడవదని చెప్పాడు. జానెడు కూడా లేని ఇనుప కాడ అది. అది లేక, గడ్డ ఊరుతున్న మా ఉల్లి చేనుకు నీళ్లు ఆగిపోయాయి.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు పోయింది. అక్కడ దొరకలేదు. మళ్లీ బస్సెక్కి ఆదోని చేరాం. లారీలకూ ఇంజన్లకూ సామాన్లు అమ్మే అంగడి భాయి అల్మారాలో వెతికి ఒక చిన్న డబ్బా తీశాడు.

"సీమ సరుకమ్మా ఇది, పరదేశంలో చేసింది. ఓడలో బొంబాయికి రావాల, ఆడ్నించి మనకు రావాల. ఇప్పుడు ఓడలే సరిగా వస్తా లేవంట. ఇదొక్కటే మిగిలుండాది."

అవ్వ డబ్బా అందుకుంటుండగా ఒక యువరైతు ఆయాసపడుతూ వచ్చాడు. కౌతాళం దారిలో మా పక్క ఊరివాడే, కానీ మాకు ముఖపరిచయం లేదు. అతనికీ అదే వాల్వు కావాలి. ఇక లేదని వినగానే అంగడి మెట్టు మీద కూలబడ్డాడు.

"యేం పెట్టినావప్పా?" అని అడిగింది అవ్వ.

"మిరపనారు నాటినా అవ్వా. రేపటికి తడి లేకుంటే మొత్తం ఎండిపోతాది."

అవ్వ కాసేపు ఆలోచించి డబ్బా అతని చేతిలో పెట్టింది. "నా ఉల్లి ఇంకా కొంచెం ఓర్చుకుంటాది. నువ్వు తడిపినాక నీ ఇంజను బండి మీద మా బావికాడికి తోలుకొని రా."

"తెలియనోళ్లను నమ్ముతాండావమ్మా," అన్నాడు భాయి. అవ్వ అతనికి మా ఊరి గుర్తులు చెప్పి, నా చెయ్యి పట్టుకుని బస్సు దారి పట్టింది.

ఇంటికొచ్చాక మా చిన్నాయన అవ్వ మీద కేకలేశాడు. మరునాడంతా ఎవరూ రాలేదు. ఉల్లాకు వాలిపోతుంటే అవ్వ గట్టు మీద కూర్చుని కౌతాళం దారి వైపే చూసింది. ఆమె మొహంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ మరుసటి పొద్దున ఎద్దులబండి వచ్చింది. గతుకుల్లో ఇంజను కదలకుండా అతని భార్య రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి మా కాలవలో నీళ్లు పారాయి. చేను ఒక మూల అప్పటికే ఎండిపోయింది, మిగిలిందంతా నిలిచింది. బొంబాయి సరుకు వచ్చేదాకా ఆ ఇంజను రెండు ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు మా మనవడు ఇంజను వాల్వులు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. మన దగ్గర చేసినవే ఓడలెక్కి పరదేశాలకు పోతున్నాయట. వాల్వులు అక్కర్లేని కరెంటు బండ్లు పెరిగితే ఈ గిరాకీ ఎన్నాళ్లుంటుందోనని వాడికి బెంగ. లోకంలో సరుకు ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు కరువవుతుందో నాకు తెలియదు.

కానీ నీళ్ల ట్యాంకరు దగ్గరైనా, మందుల అంగడిలోనైనా ఏదో కొద్దిగానే మిగిలిందంటే, ముందొచ్చాను కదా అని నేను చెయ్యి చాచలేను. పక్కనున్నవాళ్లకు ఎంత తొందరో అడుగుతాను. అలా అడిగితే, చాలాసార్లు ఆ కొద్దిపాటిదే ఇద్దరికీ సరిపోయింది.