ఏటేటా పెరిగిన గౌరి

హిందూపురం బస్టాండు వెనక లక్ష్మీనారాయణ జిరాక్సు అంగడిలో పుష్ప పనికి చేరిన ఏడు, ఆ వీధి మొత్తానికి కంప్యూటరు అక్కడొక్కటే ఉండేది. దానికి వేరే గది, అద్దం తలుపు. చెప్పులు బయట విడిచి రావాలి. వచ్చినవాళ్లు చేతులు కట్టుకొని నిలబడి, తమ పేర్లు తెర మీద ఒక్కొక్క అక్షరంగా పడుతుంటే నోరు తెరుచుకొని చూసేవాళ్లు.

పుష్పది పెనుకొండ. వాళ్ల నాయన దేవసహాయం రైల్వేలో గ్యాంగుమన్. పట్టాలు చూసుకుంటూ నడిచే ఉద్యోగం. ఆ పట్టాల మీద అప్పుడప్పుడు మనుషులు కూడా పడి ఉండేవాళ్లు. పోలీసులు వచ్చేదాకా దేవసహాయం అక్కడే కాపలా కూర్చొని, ఇంటికొచ్చి నీళ్లు పోసుకొని, ప్రార్థన చేసుకొని గానీ అన్నం ముట్టేవాడు కాదు. "మొగం మాత్రం చూడగూడదు మే. చూస్తే మనెంబడే ఇంటికొస్తాది" అని కూతురితో అనేవాడు.

పుష్ప ధర్మవరంలో టైపు నేర్చుకుంది. కంప్యూటరు కోర్సూ అక్కడే చేసింది. పొద్దున ప్యాసింజరు బండిలో హిందూపురానికి పోవడం, సాయంత్రం మళ్లీ బండెక్కి పెనుకొండలో దిగడం. పెళ్లిపత్రికలు పెద్ద ప్రెస్సులకు పోయేవి కాబట్టి ఈ అంగడికి దినం కార్డులే ఎక్కువ వచ్చేవి. చనిపోయినవాళ్ల ఫోటోను స్కానరు మీద బోర్లించి, కంప్యూటరులోకి తీసుకొని, కాగితంలో సరైనచోట కూర్చోబెట్టాలి. మొదట్లో బొమ్మలు ఆమె మాట వినలేదు. బొమ్మ ఏదో ఒక పేరాకు కట్టేసిన మేకలాంటిది. పేరా కదిలితే అదీ కదులుతుంది. పైన ఒక్క లైను ఎక్కువైతే చాలు, అంతవరకూ నడుమ నిలిచిన పెద్దాయన ఎగిరి రెండో పేజీలో పడేవాడు. ఆ ముడి విప్పడం, బొమ్మను అక్షరాల మీదికి తేవడం, వెనక్కు పంపడం అన్నీ ఆమె తనంతట తానే పట్టుకుంది. బొమ్మను ఒకసారి నొక్కితే చుట్టూ చిన్న చిన్న గడులు వస్తాయి. మూలనున్న గడి పట్టుకొని లాగితే మనిషి ఉన్నట్టే ఉండి పెద్దవుతాడు. పైగడి లాగితే పొడుగు మాత్రమే సాగుతాడు.

అంజనమ్మ ఆ అంగడికి వచ్చింది ఒక ఎండాకాలం పొద్దున. చిలమత్తూరు దగ్గర పల్లె. మొగుడు ఎర్రప్ప బెంగళూరులో కట్టడం పనికి పోయి, నెలకొకసారి వస్తాడు. ఆమె చేతిలో రెండు ఫోటోలున్నాయి. ఒకటి అగ్గిపెట్టెంత చిన్నది. ఐదేళ్ల పిల్ల, చుక్కల గౌను వేసుకొని, స్టూడియోలో ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడి ఉంది. రెండోది ఈమధ్య తీయించింది, బడి యూనిఫాంలో ఇంకో పిల్ల.

"చిన్న ఫోటోలో ఉండేది నా పెద్దబిడ్డ గౌరి. జ్వరమొచ్చి పాయ. ఈ యూనిఫాం పిల్ల దాని చెల్లెలు, భవాని. ఇద్దర్నీ ఒకే కాగితంలో పక్కపక్కన నిలబెట్టు తల్లీ. గోడకు పెట్టుకుంటా."

పుష్ప ఇద్దరినీ పక్కపక్కన చేర్చింది. ఐదేళ్ల గౌరి, ఎనిమిదేళ్ల భవాని భుజం దాకా కూడా రాలేదు. అంజనమ్మ తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి చూసింది.

"ఇదేంది? అక్క చెల్లెలికంటే పొట్టిగా ఉంటాదా ఎక్కడన్నా? ఉండుంటే పదేళ్లు దానికి. కొంచెం పెంచు."

పుష్పకు అందులో తప్పేమీ కనబడలేదు. కన్నతల్లి అడుగుతోంది, ఒక్కసారి చేయి కదిపితే అయ్యే పని. మూల పట్టుకొని లాగింది. గౌరి చెల్లెలి తల దాటి నిలబడింది. అంజనమ్మ చేతులు రెండూ తెర ముందు తిప్పి, కణతల దగ్గర మెటికలు విరుచుకొని, "నా తల్లి ఎంతయిందో!" అంది.

తర్వాతి ఏడు మళ్లీ వచ్చింది. చేతిలో భవాని కొత్త ఫోటో. భవాని పెరిగింది కాబట్టి గౌరిని ఇంకాస్త పెంచాలి. ఆ తర్వాతి ఏడూ అంతే. భవాని పదకొండో పన్నెండో ఏటికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. మూల పట్టుకొని లాగిన గౌరి, పెద్ద తల, బొద్దు చేతులతో, పెద్దదైన పసిబిడ్డలాగా ఉంది.

"ఆ వయసుకు పిల్లలు సన్నంగా అవుతారు మా. ఇట్లుండరు" అంది అంజనమ్మ.

అప్పుడు పుష్ప పైగడి పట్టుకొని లాగింది. కాళ్లు సాగాయి. నడుము సాగింది. మొహం కోలగా అయింది, కళ్లు నిలువుగా దిగాయి, నవ్వు సన్నబడి పెద్దపిల్లల నవ్వయింది. అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ, ఇదీ. ఇదే నా గౌరి."

తెర మీదున్నది స్టూడియోలో ఫోటో దిగిన పిల్ల కాదు. ఆ మొహంతో ఈ భూమ్మీద ఎవరూ నడవలేదు.

ఆ సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్లది అదే కోలమొహం. పుష్ప చూపు తిప్పుకుంది. మళ్లీ చూసింది. పెనుకొండ వచ్చింది, పోయింది. ఆ పిల్ల దిగలేదు కాబట్టి పుష్పా దిగలేదు. ధర్మవరంలో ఆ పిల్ల లేచి, మెట్ల వంతెన దగ్గర వెనక్కు తిరిగి, "ఏమక్కా, నన్నెందుకు చూస్తాండావు?" అంది. గుండ్రటి మొహం. గౌరికీ ఆమెకూ పోలికే లేదు. పుష్ప ఏదో గొణిగి వెనక్కొచ్చే బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. నాయన జాగ్రత్త చెప్పింది చచ్చినవాళ్ల మొహాల గురించి. ఇది తన చేత్తో తను చేసిన మొహం. దీన్ని చూడకుండా ఎట్లా తప్పించుకోవాలో ఆయన చెప్పలేదు.

అప్పటినుంచి ఆ మొహం అప్పుడొకసారి ఇప్పుడొకసారి కనిపిస్తూనే ఉండేది. చర్చిలో ఆడపిల్లల వరుసలో, బస్సు వెనకద్దంలో, వాన పడేటప్పుడు అంగడి అద్దం తలుపు అవతల. ప్రతి ఏడూ కొంచెం పెద్దదై కనిపించేది. అయినా అంజనమ్మ వస్తే పుష్ప కాదనలేకపోయింది.

భవానికి పద్దెనిమిది నిండిన ఏడు, తల్లికంటే ముందు భవానే అంగడికి వచ్చింది. ఏటేటా ఫోటోలో చూసిన పిల్లే అయినా, మనిషిగా పుష్ప ఆమెను చూడడం అదే మొదలు. తలుపు దగ్గరే నిలబడి, "మా అక్కను పెంచేది నువ్వేనా?" అని అడిగింది.

పుష్ప కుర్చీ చూపించింది. భవాని కూర్చోలేదు.

"ఈసారి పెంచొద్దక్కా. నీకు దండం పెడతా. మా ఇంట్లో పండగొస్తే రెండు జతల గుడ్డలు తెస్తాది మాయమ్మ. ఒక జత నా కొలతకు జానెడు ఎక్కువ పెట్టి కుట్టించి, అక్కకని పెట్టెలో పెడతాది. కొత్తచెరువు నుంచి నాకు సంబంధమొచ్చింది. మంచోళ్లు. మాయమ్మ వాళ్ల మొగం మీదనే చెప్పింది, పెద్దది ఉండంగ చిన్నదానికి ఎట్ల చేస్తామని. వాళ్లు లేచి పోయినారు."

"మీ నాయన ఏమంటాడు?"

"మీయమ్మ మనసు నిమ్మళంగా ఉంటే చాలంటాడు. ఆయప్ప ఉండేది బెంగుళూరులో గదా. ఆ ఫోటో ఉండే గోడ కింద పండుకునేది నేను."

భవాని వెళ్లిపోయాక పుష్ప చాలాసేపు ఏ పనీ ముట్టలేదు. లక్ష్మీనారాయణ వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగితే తల ఊపింది. బాగుందని ఊపిందో లేదని ఊపిందో ఆయనకు అర్థం కాలేదు.

వారం తిరగకముందే అంజనమ్మ వచ్చింది. ఈసారి భవాని ఫోటోతోపాటు ఎవరిదో పట్టుచీర కట్టుకున్న ఫోటో కూడా తెచ్చింది.

"దీని చీర తీసి గౌరికి కట్టించు తల్లీ. పెండ్లీడుకొచ్చింది గదా."

పుష్ప లేచి తన కుర్చీ ఆమెకిచ్చింది. "నువ్వే చెయ్యి అంజనమ్మక్కా" అంటూ ఆమె చేతిని మౌసు మీద పెట్టి, పైన తన చేయి వేసింది. ఆ చిన్న ఫోటోను మళ్లీ కొత్తగా స్కాను చేసి, తెర మీద పెట్టి, మూల గడి చూపించింది. "ఇది పట్టుకొని లాగు. ఎంత కావాలంటే అంత లాగు."

అంజనమ్మ భయంభయంగా లాగింది. గౌరి పెరిగింది. ఆమెకు నవ్వొచ్చింది. ఇంకా లాగింది. గౌరి పేజీ అంచులు దాటింది. చెంపలు చిన్న చిన్న చదరాలుగా విడిపోయాయి. ఇంకా లాగింది. ఒక కన్ను ఉండిన చోట నల్లవి, గోధుమవి గడులు మాత్రమే మిగిలాయి. తర్వాత తెర నిండా గచ్చు నేలమీద పరిచిన బండల్లాగా ఉత్త రంగులు.

"బిడ్డ యాడికి పాయ?" అంది అంజనమ్మ. వేళ్లతో తెరను తడిమింది. "గౌరి యాడుండాది మా?"

"ఆ చిన్న ఫోటోలో ఎంతుండాదో అంతే అక్కా. నేను ఇన్నేండ్లు లాగింది ఆ రంగుల్నే. లోపల ఇంక బిడ్డ లేదు."

అంజనమ్మ ఏడవలేదు. మౌసును పురుగును వదిలినట్టు వదిలింది. పుష్ప మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"మరి మొదటేడే చెప్పుంటే?"

అంజనమ్మ లేచి, స్కానరు మూత ఎత్తి, అగ్గిపెట్టెంత ఫోటోను తీసి కొంగున ముడేసుకుంది. చెప్పులు మరిచి వీధిలోకి నడిచింది. పుష్ప ఆ చెప్పులు పట్టుకొని పరుగెత్తి, బస్టాండులో ఆమె కాళ్ల ముందు పెట్టింది. ఆమె వేసుకొని బస్సెక్కింది.

మరుసటి ఏడు భవాని పెళ్లి అయింది, కొత్తచెరువు వాళ్లతోనే. పత్రికలు ఈ అంగడిలోనే కొట్టించుకున్నారు. ఎర్రప్పతోపాటు అంజనమ్మ వచ్చింది కానీ కంప్యూటరు గదిలోకి రాలేదు. అద్దం బయటినుంచే, "బాగుండావా?" అని ఒక్క మాట అడిగి, బల్ల మీద కూర్చుంది. మనిషి చిక్కింది. అయినా భవాని అత్తవాళ్ల గురించి లక్ష్మీనారాయణతో మామూలుగానే మాట్లాడింది. గోడ మీది కాగితం ఏమైందని పుష్ప అడగలేదు.

తల్లి విడిచిపెట్టింది. పుష్పను మాత్రం ఆ పిల్ల విడిచిపెట్టలేదు. ఆ ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెర వెలుగుతుంటే, నల్లటి అద్దంలో తన మొహం వెనక ఒక కోలమొహం నిలబడినట్టుండేది, ఇప్పుడు తనంత పొడుగై. పాత ఫైళ్లన్నీ వెతికి చెరిపేసింది. చెరిపేసినందుకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆమె ఆ పని మానలేదు. రంగు ప్రింటర్లు వచ్చాయి, వీధిలో ఇంకా నాలుగు కంప్యూటరు అంగళ్లు వచ్చాయి, అయినా బొమ్మ కుదురుగా కూర్చోవాలంటే జనం పుష్ప దగ్గరికే వచ్చేవాళ్లు. ఒక్కటే మార్పు. ఎవరైనా పసిబిడ్డ ఫోటో ఇచ్చి పెద్దది చెయ్యమంటే, చేయి మౌసు మీదే ఆపి, "పాప ఇంట్లోనే ఉండాదా?" అని అడిగేది. పుట్టినరోజు కార్డు కోసం వచ్చిన ఓబులదేవరచెరువు మాస్టరొకాయన ఆ మాటకు మండిపడ్డాడు. "అదేం అడగడమమ్మా, అపశకునంగా! బయట ఐస్ తింటాంది, చూడు" అన్నాడు.

పుష్ప లేచి బయటికి పోయి చూసింది. మూతి నిండా ఎర్రరంగు పూసుకొని, మెట్ల మీద పిల్ల కూర్చొని ఉంది. గుండ్రటి మొహం. పుష్ప లోపలికి వచ్చి, మూల గడి పట్టుకొని, జాగ్రత్తగా లాగింది.