జకరయ్య కిటికీ సీటు

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డ్రైవరుగా పనిచేశాను. వాగు దగ్గర తెల్లచీర ఆవిడ నిలబడుతుందని, శ్మశానం మలుపులో స్టీరింగు తిరగదని ప్రయాణికులు ఎన్నో చెప్పేవారు. ఆ మలుపుల్లో నాకు కనిపించింది గేదెలు, కుక్కలు, మందెక్కువై రోడ్డు మీదే పడుకున్న మగమహారాజులు. అంతే.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బలవంతం చేయను. ఇంకొకరు చెబితే నేనైనా నమ్మేవాణ్ని కాదు.

నా పేరు మస్తాన్ వలి. మాది చిలకలూరిపేట. సర్వీసులో చివరి పదకొండేళ్లు పేట నుంచి పర్చూరు మీదుగా చీరాల వెళ్లే బస్సు నడిపాను. నా కండక్టరు జకరయ్య, చీరాలవాడు. నేను మసీదుకి, వాడు చర్చికి. బస్సెక్కాక మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం, టైముకి డిపో చేరడం.

మా పనిలో ఒక కట్టుబాటుంది. కండక్టరు రైట్ అనందే డ్రైవరు బండి కదపకూడదు. జకరయ్య నోటితో అనేవాడు కాదు. వేలికున్న పెళ్లి ఉంగరంతో రాడ్డు మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే హోల్డాన్, ఆపమని. రెండుసార్లు కొడితే రైట్, పోనిమ్మని. బస్సులో ఎంత గోలగా ఉన్నా ఆ చప్పుడు నా చెవికి వేరుగా వినిపించేది.

ఒక్కసారి మాత్రం మోసపోయాను. మిరపకోతల రోజులు. పర్చూరు దాటాక ఒక స్టేజీలో కూలికి పోయే ఆడవాళ్లు ముప్పై మంది ఒక్కసారిగా ఎక్కారు. వాళ్ల మూటలు టాపు మీద వేయించడానికి జకరయ్య కిందికి దిగాడు. లోపల ఎవరిదో స్టీలు క్యారేజీ రాడ్డుకి రెండుసార్లు తగిలింది. టక్ టక్. నేను గేరు వేసి వెళ్లిపోయాను.

రెండు స్టేజీలు దాటేదాకా నాకు తెలియలేదు. బస్సు నిండా జనం, ఒక్కరూ నోరు మెదపలేదు. ఎందుకు మెదుపుతారు, ఎవరికీ టికెట్ కొట్టలేదు కదా! తెలిసి పక్కకి ఆపేసరికి వెనక నుంచి పత్తి ట్రాక్టరు వచ్చింది. పత్తి మీద జకరయ్య కూర్చుని ఉన్నాడు, మీసాలకి, కనుబొమలకి దూదితో.

"ఒరేయ్ మస్తానూ, నీ బండికి కండక్టరు కావాలా, అక్కర్లేదా?" అన్నాడు ఎక్కుతూనే. కోపం వచ్చిందేమో అనుకున్నాను. వాడు నవ్వుతున్నాడు. ఆ తర్వాత డిపోలో కొత్తవాడు ఎవడు చేరినా ముందు ఈ కథే చెప్పి నా పరువు తీసేవాడు.

వాడికి ఒకటే కోరిక. ఉద్యోగమంతా నిలబడే తిరిగాడు. కిటికీ పక్కన కుదురుగా కూర్చుని ఒక్క ఊరైనా చూసింది లేదు. ఇద్దరం రిటైరయ్యాక కారు కొందాం, కన్యాకుమారి దాకా పోదాం, వెనక ఎడమ పక్క కిటికీ సీటు నాది, దారిలో ఎవడు చెయ్యెత్తినా ఆపావంటే ఊరుకోను అనేవాడు.

నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలల ముందు గుండెపోటుతో పోయాడు. ఆ రోజు నన్ను వేరే దూరం బస్సుకి వేశారు. ఫోను చూసుకునేసరికి చీకటి పడింది. మండు వేసవి కావడంతో ఆ సాయంత్రమే మట్టి చేసేశారు. మర్నాడు నేను వెళితే వాడి భార్య సువార్తమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. వాణ్ని రెండోసారి వదిలేసి పోయానన్న బాధ నా గుండెలో అలాగే ఉండిపోయింది.

రిటైరయ్యాక చిన్న కొత్త కారు కొన్నాను. కొన్నాను గానీ ఎక్కడికీ వెళ్లబుద్ధి కాలేదు. మా ఆవిడ మీరాబి పట్టుబట్టింది. "జకరయ్య అన్నయ్యకిచ్చిన మాట కోసమైనా పోదాం పదండి" అంది.

పొద్దున ఏడింటికి కారు స్టార్ట్ చేసి కూర్చున్నాను. క్లచ్ మీద నుంచి కాలు లేవదు. మీరాబి చూసి, చూసి, "సరే, రైట్ రైట్" అంది. అలా బయలుదేరాం. హైవే పట్టుకుంటే నేరుగా ఒంగోలు. నేను మాత్రం మా పాత బస్సు దారిలోకి తిప్పాను. చీరాలలో సువార్తమ్మకి చెప్పి వెళదామని.

పర్చూరు దాటేసరికి ఎండ బాగా వచ్చింది. చేలల్లో పట్టాల మీద మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకి మీరాబి తుమ్ముతుంటే అద్దాలన్నీ ఎక్కించాను. ఫోను మోగలేదు, పాటలు పెట్టలేదు. అప్పట్లో వాణ్ని వదిలేసి పోయిన ఆ స్టేజీ దగ్గరికి వచ్చాం.

వెనక నుంచి టక్ అని ఒక్క చప్పుడు.

నేనేమీ ఆలోచించలేదు. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. పక్కకి తీసి ఆపాను. "ఏంటండీ ఆ చప్పుడు?" అంది మీరాబి. ఆమె కూడా విన్నది. అందుకే ఇది రాసే ధైర్యం చేస్తున్నాను.

దిగి టైర్లు చూశాను, కారు కింద చూశాను. రాయి తగిలిన గుర్తు లేదు. వెనక ఎడమ తలుపు తీసి లోపల చూశాను. సీటు ఖాళీ. సామానంతా డిక్కీలోనే ఉంది. తలుపు వేసి, వచ్చి కూర్చుని కారు కదిపాను. అప్పుడు మొదలైంది బీప్ బీప్ మని.

వెనక సీటులో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే మోగే చప్పుడది. వెలిగిన గుర్తు ఎడమ పక్క సీటుది. ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ మోగింది. మీరాబి వెనక్కి వంగి సీటంతా చేత్తో తడిమింది. ఏమీ లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడి పేరు మాత్రం ఎవరమూ ఎత్తలేదు. నాకు భయం వేయలేదు.

చీరాల దాకా అది మోగుతూనే ఉంది.

సువార్తమ్మ చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన నడిపే మనిషి. పోయినవాళ్లు ప్రభువు దగ్గరుంటారు గానీ రోడ్ల మీద తిరగరని గట్టిగా చెప్పే మనిషి. జరిగింది చెబితే చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. వచ్చి, కారు పక్కన నిలబడి కాసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత వెనక తలుపు తీసి, బెల్టు లాగి, ఖాళీ సీటుకి పెట్టింది. చప్పుడు ఆగింది.

"అద్దం దించి పెట్టన్నయ్యా. గాలాడకపోతే ఆయన కూర్చోలేడు" అంది.

"నువ్వూ రా చెల్లెమ్మా" అన్నాను.

"నా మోకాళ్లకి అంత దూరం ఎక్కడ? మీరు చూపించి తీసుకురండి" అని, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం మీరాబి చేతిలో పెట్టి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

నేను స్టార్ట్ చేసి కూర్చున్నాను. ఈసారి మీరాబి రైట్ అనలేదు. వెనక నుంచి వినిపించింది. టక్ టక్.

జకరయ్య ఉంగరం ఇప్పుడు సువార్తమ్మ వేలికి ఉంటుంది. వెంటనే అద్దంలో చూశాను. ఆమె కారుకి దూరంగా గుమ్మంలో ఉంది. రెండు చేతులతో కొంగు పట్టుకుని కళ్లు ఒత్తుకుంటోంది.

కన్యాకుమారి వెళ్లాం. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపలేదు. అక్కడ కారు ఎడమ పక్క సముద్రం వైపు వచ్చేలా పెట్టి, అద్దం పూర్తిగా దించి, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ప్రయాణమంతా మేం ఆ బెల్టు విప్పలేదు. పదకొండు రోజుల్లో ఒక్క చప్పుడు కూడా వినిపించలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మళ్లీ సువార్తమ్మ ఇంటి ముందు ఆపాను. మేమింకా మా తలుపులు తీయలేదు. వెనక టిక్ మని బెల్టు ఊడి, సర్రున వెనక్కి పోయింది. తిరిగి చూసేసరికి పట్టీ ఇంకా ఊగుతోంది. అక్కడి నుంచి పేట దాకా బెల్టు లేకుండానే వచ్చాం. బీప్ మోగలేదు.

తర్వాత సర్వీసింగులో చూపించాను. వైరు లూజై ఉంటుందన్నాడు మెకానిక్. సీటంతా విప్పి చూసి, లూజు లేదన్నాడు. ఉంగరం చప్పుడు సంగతి అతనికి చెప్పలేదు. చెప్పినా ఏ వైరు చూపిస్తాడు?

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మసీదులో పెద్దల్ని అడగలేదు, సువార్తమ్మ పాస్టరుగారిని అడగలేదు. ఆ మధ్యాహ్నం ఆమె మాత్రం గుమ్మంలోంచే అడిగింది, "చూశాడా అన్నయ్యా?" అని.

"చూశాడు చెల్లెమ్మా" అన్నాను. అది అబద్ధమో నిజమో నేను చెప్పలేను. ఈసారి వాణ్ని వదిలేసి రాలేదు. అదొక్కటి చెప్పగలను.