డబ్బాలను దొర్లించిన దానియేలన్న

దానియేలన్న పోయాడని నాకు ఒక ఫ్లెక్స్ ఆర్డర్‌తో తెలిసింది.

నిన్న పొద్దున షాపు తెరుస్తుంటే ఫోనుకు ఫోటో వచ్చింది. కింద మెసేజ్: "అక్కా, అర్జెంటు. మధ్యాన్నానికి సర్కిల్లో కట్టాల."

ఫోటోలో ఉన్నది దానియేలన్న.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఇద్దరు నాయకుల ఫోటోలు పైన పెద్దగా వేయాలట. అన్న ఫోటో కింద మూలన. "మా పార్టీ సీనియర్ కార్యకర్తకు కన్నీటి వీడ్కోలు" అని రాయాలట.

వేయనని చెప్పాను. ఇంకెక్కడో వేయించుకున్నారు. ప్రొద్దుటూరులో ఫ్లెక్సులు వేసేవాళ్ళకేం కొదవ.

ఎందుకు వేయలేదో చెప్పకపోతే నాకు అన్నం దిగదు.

ఇప్పుడు ఫ్లెక్సులు వేసే మా షాపులో అప్పుడు నూనె డబ్బాల లేబుళ్ళు ప్రింట్ చేసేవాళ్ళం. పక్క షెడ్డులో అన్న లేత్ మిషన్. పులివెందుల క్రైస్తవ మిషన్ కాంపౌండులో పుట్టి, పని వెతుక్కుంటూ మా ఊరొచ్చిన మనిషి.

ఫ్యాక్షన్ రోజులు. ఫ్లెక్సులో వేయమన్న ఆ ఇద్దరు నాయకులూ అప్పుడు పగవాళ్ళు. ఊళ్ళో ప్రతిదానికీ ఒక పక్క ఉండేది. టీ బంకుకు ఒక పక్క, మంగలి షాపుకు ఒక పక్క. ఈ పక్కవాళ్ళు ఆ బంకులో టీ తాగరు. అన్న షెడ్డుకు మాత్రం రెండు పక్కలవాళ్ళూ వచ్చేవాళ్ళు. అదే ఆయనకు శాపమైంది.

జమ్మలమడుగు రోడ్డులో ఒక పక్కవాళ్ళ నూనె మిల్లు. మద్రాసు నుంచి లేబుల్ మిషన్ తెచ్చారు. లోపల గేర్లు, గాలి పీల్చే పంపు, లేబుల్‌ను పట్టుకునే ఇనప చేతులు. చూడ్డానికి బ్రహ్మాండం. నెలకోసారి మొరాయించేది.

ఊళ్ళో ఎవరినైనా నరికితే బందు. బస్సులు రావు. బాంబులు పడే ఊరికి రానని మద్రాసు మెకానిక్ ఫోనులోనే చెప్పేవాడు. మిషన్ ఆగితే ప్యాకింగ్ ఆగేది. ప్యాకింగ్ ఆగితే ఆడకూలీలను ఇంటికి పంపేవాళ్ళు. ఆ కూలీల్లో అన్న భార్య సుగుణమ్మ వదిన కూడా ఉండేది.

ఒకరోజు అన్న మా ప్రెస్సుకొచ్చి చెడిపోయిన లేబుళ్ళు ఒక కట్ట అడిగాడు.

"లేబుల్‌ను డబ్బా కాడికి మోసుకపోయేదానికే గదమ్మా అన్ని చేతులు? డబ్బానే లేబుల్ కాడికి దొర్లిస్తే?"

అంతే. ఆ ఒక్క ఆలోచన మీద ఆయన సగం మిషన్‌ను పీకి పారేశాడు.

గుండ్రటి డబ్బా రెండు పట్టాల మీద దొర్లుతుంది. దారిలో ఒంటికి మైదా బంక పూసుకుంటుంది. లేబుళ్ళ కట్ట మీదికి రాగానే పైకాగితం అంటుకుని దానికదే చుట్టుకుంటుంది. పంపు లేదు, ఇనప చేతులు లేవు. ఒక మోటారు, సైకిల్ చైను, జీపు స్ప్రింగు.

మన ఊరి సైకిల్ షాపులో దొరకని పార్టు ఒక్కటి కూడా ఉండకూడదని ఆయన పంతం. బందు రోజున కూడా వదినే స్పానర్ పట్టుకుని బిగించుకునేది.

ఆ మిషన్ పేరు విని రెండో పక్క మిల్లువాళ్ళు కూడా ఒకటి చేసిమ్మన్నారు. అన్న సరేనన్నాడు.

మొదటి పక్కవాళ్ళు జీపులో దిగారు.

"ఏందప్పా, ఆ పక్కోళ్లకు గూడ మిషన్ చేస్తాండావంట?"

"చేస్తాండా మామా. డబ్బాలు దొర్లేదానికి పార్టీ యాడిది?"

సగం తయారైన మిషన్‌ను సమ్మెటలతో పగలగొట్టారు. తర్వాత ఆయన కుడిచేతిని దాగలి మీద, ఆ ఇనప దిమ్మ మీద పెట్టి కొట్టారు. మా ప్రెస్సు గుమ్మంలోంచి కళ్ళారా చూశాను. నా అరుపుకు వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మర్నాడు ఆసుపత్రికి రెండో పక్కవాళ్ళు యాపిల్ పండ్లతో వచ్చారు. "మేం చెప్పే పేర్లు గూడ రాయించు. కేసు మేం చూసుకుంటాం" అన్నారు. మన దిక్కు ఫిర్యాదుల్లో అది మామూలే. కొట్టినవాళ్ళు నలుగురైతే, పగ ఉన్న ఇంకో పదిమందిని కలుపుతారు.

అన్న ఒప్పుకోలేదు. "వచ్చినోళ్ల పేర్లు చెప్పినా. రానోళ్లను నేను యాడ నుంచి తెచ్చేది?"

యాపిల్ పండ్లు ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కోర్టులో నేను చూసింది చెప్పాను. మిగతా సాక్షులు ఏమీ చూడలేదన్నారు. కేసు కొట్టేశారు.

ఆ చెయ్యి మళ్ళీ పనికి రాలేదు. ఎడమచేత్తో గేట్లకు వెల్డింగు పెట్టుకుంటూ బతికాడు.

మొదటి మిల్లులో ఆయన మిషన్ మాత్రం ఏళ్ళ తరబడి నడిచింది. ఒక్కసారి కూడా వాళ్ళకు ఆయనతో పని పడలేదు.

నాకు ఒళ్ళు మండి ఒకసారి అనేశాను. "నీకు తప్ప ఇంకొకరికి అర్థం కాకుండా చేసింటే, నీ చెయ్యి జోలికి వచ్చేవాళ్ళు కాదు గదన్నా?"



"నేను లేకుంటే ఆగిపోయేటట్ల చేస్తే, నాకూ ఈ నాయకులకూ తేడా ఏముండాదమ్మా?" అన్నాడు.

ఆరోజు ఆయన మీద కోపమొచ్చింది. ఇప్పటికీ పోలేదు. ఆ మంచితనం ఆయన చేతిని తిరిగివ్వలేదు.

తర్వాత ఆ ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరారు. స్టేజీ మీద కావలించుకున్నారు. ఎవరికోసం ఎవరి చెయ్యి పోయిందో వాళ్ళకెందుకు గుర్తుంటుంది?

నిన్న సాయంత్రం సమాధుల తోటకు కార్లలో వాళ్ళ మనుషులు దిగారు. పాస్టరుగారు ప్రార్థన ముగించగానే ఒకాయన పార్టీ జెండా విప్పి పెట్టె మీద కప్పబోయాడు. ఫోను కెమెరాలు లేచాయి.

సుగుణమ్మ వదిన లేచి నిలబడి ఆ జెండా అంచు పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"నా మొగుడు ఒక్క దినం గూడ మీ మనిషి కాదు. అట్ల కాలేదనే గదా చెయ్యి ఇరిచింది. ఈ గుడ్డ తీసకపోండి నాయనా, మన్ను కప్పాల."

జెండా తెచ్చినాయన దాన్ని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ముందుగా వదినే మట్టి వేసింది.

పోయిరా అన్నా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర ఈ పక్క, ఆ పక్క ఉండవనే అనుకుంటాను. అక్కడైనా నెమ్మదిగా ఉండు.