ఘటం ఎత్తనన్న పైడమ్మ పెద్దమ్మ

2017 వానాకాలం. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుగా పనిచేసేదాన్ని. కలకత్తాలో ప్రైవేటు ఆసుపత్రిని అలాగే అంటారు. డాక్టర్‌బాబు బెంగాలీ. వచ్చేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవు డాక్‌లో పనికి కుదిరిన కుటుంబాలవాళ్లు. తెలుగు మాట వినబడితే చాలు, నాకు పిలుపు వచ్చేది.

ఒకరోజు సరస్వతి తన అత్త పైడమ్మను తీసుకొచ్చింది. జ్వరం, మూత్రంలో మంట, లేచి నిలబడితే కళ్లు తిరగడం. డెబ్భై దాటిన ఈ పెద్దమ్మ నాకు కొత్త కాదు. డాక్ కూలీలకు వరసగా కట్టిన గదుల్లో, అంటే నేను పుట్టి పెరిగిన కూలీ లైన్లోనే, వాళ్ల గది. ఏటా మావాళ్లు చేసే అమ్మవారి పండగలో ఘటం ఆమె నెత్తినే ఉండేది. పసుపు పూసి వేపాకులు కట్టిన ఆ కుండతో ఆమె ముందు నడుస్తుంటే, డప్పుల వెంట పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆ మోత తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పరీక్షలో యూటీఐ అని తేలింది, అంటే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్. మందులకు జ్వరం దిగింది. సరస్వతి గోడు మాత్రం వేరే. అత్త మంచినీళ్లు ముట్టడం లేదట, ఈ ఏడు ఘటం కూడా ఎత్తనందట, తన మీద కోపంతోనే ఇదంతా చేస్తోందట. చెబుతూ కళ్లు తుడుచుకుంది.

ఆమెను టీ తాగి రమ్మని పంపి, మంచం మీద కూర్చుని అడిగాను. పెద్దమ్మ కొంగు సర్దుకుని గొంతు తగ్గించింది.

"దగ్గితే పడిపోతంది అమ్మీ. బరువెత్తినా అంతే. కోక తడిసిపోతే అమ్మోరి ఘటం ఎలాగ ముట్టుకుంతాను? మైల కాదేటి?"

మరి నీళ్లెందుకు మానేశావంటే, తాగకపోతే రాదు కదా అంది. అది మా లైన్ ఆడవాళ్లందరి లెక్క. అందరికీ కలిపి ఒకటే పాయిఖానా, అదీ లైన్ చివర. చీకటి పడ్డాక అటు వెళ్లాలంటే భయం, అందుకే మధ్యాహ్నం నుంచే గుక్కెడు నీళ్లు కూడా తాగేవారు కాదు. మా అమ్మా అంతే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా తొందరపెడుతుందని, ఇన్ఫెక్షన్లూ దానివల్లే ముదురుతాయని పెద్దమ్మకు నచ్చజెప్పాను.

దగ్గినప్పుడు చుక్కలు పడడాన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. కాన్పులతో, వయసుతో మూత్రసంచిని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. వాటిని బిగించడానికి వ్యాయామాలున్నాయి. డాక్టర్‌బాబు ఇచ్చిన బొమ్మల కాగితాన్ని పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి దిండు కింద పెట్టేసింది. నాకేమో పొద్దున్నే పాయిఖానా ముందు చెంబులు పట్టుకుని నిలబడే వరస గుర్తొచ్చింది.

"లైన్లో మన వొంతు వచ్చీదాకా బిగబట్టీవోలం కాదేటి పెద్దమ్మా? అలాగే బిగబట్టి, కాసేపుంచి వొదిలీ. ఒంటేలుకి కూకున్నప్పుడు మాత్రం సెయ్యకు."

ఆమె పగలబడి నవ్వింది. ఆ విద్య తానే ఊరందరికీ నేర్పగలనంది. ఒంటేలు వచ్చినట్టు లేకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్లి రమ్మన్నాను. మైల సంగతి మళ్లీ అడిగితే, నాకు తెలిసింది మూత్రసంచి గురించే, మైల గురించి అమ్మవారినే అడుగు అన్నాను.

చలి మొదలయ్యే రోజుల్లో పండగ వచ్చింది. పెద్దమ్మకు చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అయినా ఘటం ఎత్తింది. చూడగానే నా కళ్లు చెమర్చాయి. వీధి సగం దాటాక ఆమె ఆగి, కుండ దించి కోడలి నెత్తిన పెట్టింది.

"ఉండండ్రా, ఒంటేలుకెల్లొత్తాను."

అందరి ముందూ, మామూలు గొంతుతో అంది. డప్పులు ఆగిపోయాయి. సరస్వతి రెండు చేతులా కుండను పట్టుకుని కదలకుండా నిలబడింది. పెద్దమ్మ పక్కనున్న బెంగాలీవాళ్ల ఇంటి తలుపు కొట్టింది. పూజ పళ్లేలు పక్కవాళ్ల చేతికిచ్చి, ఇంకో ముగ్గురు ముసలమ్మలు గబగబా ఆమె వెనకాలే వెళ్లారు.

ఇప్పుడు నేను కలకత్తాలోనే న్యూ టౌన్‌లో పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వయసు మళ్లినవాళ్లు ఈ బాధతో వస్తే, రోజుకు ఎన్నిసార్లు వెళ్తారని తర్వాత అడుగుతాను. దీనివల్ల ఏ పని మానుకున్నారని ముందు అడుగుతాను. చాలామంది అప్పుడే నోరు విప్పుతారు.