అడాప్టర్ లేని మెషీన్ నుంచి మూడు కాగితాలు

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కర్నూలులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. తెర మీద కనిపించని దాన్ని ఏనాడూ నమ్మలేదు. ఇది చెబుతున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకు.

మా పాత రిపోర్టులన్నీ ఒక వర్చువల్ మెషీన్‌లో ఉండేవి. అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్. ఒకసారి వైరస్ వచ్చాక దాన్ని బయటి మెషీన్లతో కలిపే నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ నేనే ఆపేశాను. ఇక దానికి ప్రింటర్‌తో కూడా సంబంధం లేదు.

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక గర్భిణి కౌంటర్ దగ్గర మొత్తుకుంటోంది. మధ్యాహ్నం ఆమెకు ఆపరేషన్. మేమిచ్చిన రిపోర్టులో రక్తం గ్రూపు ఓ పాజిటివ్ అని ఉంది.

"నాది నెగెటివ్ సార్. మస్తానన్న మూడుసార్లు నా నోటితోనే చెప్పించినాడు. ఎవురూ ఇనకపోతే ఎట్ల?"

మస్తాన్ వలీ మా పాత టెక్నీషియన్. నెగెటివ్ వచ్చినవాళ్ళ చేత గ్రూపు మూడుసార్లు పలికించందే రిపోర్టు చేతికిచ్చేవాడు కాదు. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. కౌంటర్‌లో వాళ్ళు ఆమెను విసుక్కుని పక్కన కూర్చోమన్నారు.

అప్పుడే ప్రింటర్ కదిలింది. మూడు కాగితాలు వచ్చాయి. మూడూ ఒకటే. ఆమె మొదటి కాన్పు నాటి రిపోర్టు, ఓ నెగెటివ్, కింద మస్తాన్ వలీ పేరు.

మళ్ళీ రక్తం తీసి చూశారు. నెగెటివే. పొద్దున ఎవరిదో నమూనా ఆమెదనుకుని పరీక్ష చేశారు.

మేనేజర్ నేరుగా నా మీదికొచ్చాడు.

"ఏమప్పా, నెట్‌వర్క్ తీసేసినానని చెప్పి ఎవురికి టోపీ పెడ్తాండావు?"

ఆయన ముందే నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టాను. ఒకటో అడాప్టర్ నుంచి ఎనిమిదో దాకా వరసగా ఒకటే మాట, డిసేబుల్డ్, అంటే ఆపేసి ఉందని. నేను ఆపేసిన రోజు తర్వాత ఆ సెట్టింగులను ఎవరూ ముట్టుకోలేదు. ప్రింటర్ చిట్టాలో మాత్రం కాగితాలు పంపినది ఆ మెషీనే అని ఉంది.

అదంతా చూసి కూడా నన్నే క్షమాపణ పత్రం రాయమన్నాడు. రోగుల రిపోర్టులు బయటపెట్టానట! నమూనా మార్చినవాళ్ళను ఒక్క మాట అనలేదు. ఆమెకు పాజిటివ్ రక్తం ఎక్కించి ఉంటే? నేను రాయలేదు. ఉద్యోగం మానేసి వచ్చేశాను.

ఆ కాగితాలు ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఏవేవో కారణాలు చెప్పారు, ఒక్కటీ కుదరలేదు. కానీ ఎదురుగా నిలబడి ఒక మనిషి తన రక్తం ఏదో తనే చెబుతుంటే ఎవరూ ఎందుకు వినలేదు? నాకు అంతకంటే అంతుబట్టనిది అదే.